కంప్యూటరు నమోదులలో మెమొరీ విలాసములు: చూపవలెనా, దాచవలెనా?

కంప్యూటరు నడచుచుండగా తన స్థితిగతులను తానే ఒక నమోదు పుస్తకమున వ్రాసికొనుచుండును. అది యెచ్చటనైన తడబడి నిలిచిపోయినప్పుడు నిపుణులు మొదట విప్పి చూచునది ఆ పుస్తకమునే. అందు కొన్ని సంఖ్యలుండును. ఫలానా వస్తువు మెమొరీలో ఫలానా చోట నున్నదని తెలుపు విలాసములవి. ఈ విలాసములను ఉన్నవి ఉన్నట్లు వ్రాయవచ్చునా, కూడదా యనునది ఈ వ్యాసమునకు విషయము. వ్రాసినచో దోషమును వెదకువానికి మేలు. ఆ మేలే దొంగకును కలుగును. వ్రాయనిచో దొంగకు దారి మూతపడును. మరమ్మతు చేయువాడును చీకటిలో చిక్కుకొనును. లినక్సు అను ఆపరేటింగు సిస్టమును నిర్మించువారు 2011 నుండి 2021 వరకు సుమారు పది సంవత్సరములు ఈ ముడిని విప్పుచు వచ్చిరి. వారు నడచిన దారిని తెలుగున వివరించుట నా ఉద్దేశము.

శాసనములు, స్థలనామములు, పదములు, పాటలు చోటుచేసికొను ఇట్టి సంచికలో కంప్యూటరు గొడవ యేల యని కొందరడుగవచ్చును. సమాధానము దగ్గరలోనే కలదు. ఆండ్రాయిడు ఫోను ప్రతిదానియందును అడుగున పనిచేయుచున్నది లినక్సు కెర్నెలే. ఆ ఫోను మన యందరి చేతిలోను ఉన్నది. మరియు మన బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడిన పిమ్మట, మారికుప్పము మొదలు బంగారుపేట వరకు గల స్టేషనులలో తెల్లవారక మునుపే రైలెక్కి బెంగళూరునకు పోయి వచ్చుట మన యువకులకు నిత్యకృత్యమైనది. వారిలో కంప్యూటరు పనులు చేయువారును కలరు. తాతలు గనిలో దిగిరి. మనుమలలో కొందరు ఈ నమోదు పుస్తకములలో దిగుచున్నారు. వారు చేయు పని యేమో ఇంటిలోని పెద్దలకు వారి భాషలో తెలియుట మంచిది.

ముందుగా ఒక మాటను గూర్చి. అడ్రసు అనుదానికి గ్రంథములలో చిరునామా యని వ్రాయుదురు. మన కోలారు సీమలో విలాసమనుటయు వాడుకయే. కన్నడమున అది విళాస, తమిళమున విలాసం. మూడు భాషలు ఒకే వీధిలో కాపురముండు ఊళ్ళలో ముగ్గురికిని తెలియు మాట యిదియే కనుక ఈ వ్యాసమున దానినే గైకొంటిని. చిరునామా యనువారితో నాకు పేచీ లేదు.

కంప్యూటరు మెమొరీ యనగా వరుసగా నమర్చిన గదుల సముదాయము. గని కార్మికుల లైన్లలో ఇండ్లకు నంబరులున్నట్లు ప్రతి గదికిని ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్యయే విలాసము. నేటి యంత్రములలో ఈ సంఖ్యను పదునారు స్థానములతో వ్రాయుదురు. మనకు అంకెలు పది మాత్రమే కాగా, వారు సున్న నుండి తొమ్మిది వరకు గల అంకెలకు ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అను ఆరక్షరములను చేర్చి పదునారు గుర్తులతో లెక్కింతురు. గదిలో నుండునది ఒక యంకె కావచ్చును, ఒక యక్షరము కావచ్చును, యంత్రమునకు ఇచ్చు ఆజ్ఞ కావచ్చును. ఒక గదిలో మరియొక గది యొక్క విలాసమే వ్రాసియుండవచ్చును. ఈ కడపటి దానిని పాయింటరు అందురు. వ్రేలు చూపించునది యని అర్థము.

యంత్రములోని వనరులన్నిటిపై అధికారము కలది ఆపరేటింగు సిస్టము. దాని నడిమి భాగమునకు కెర్నెల్ అని పేరు. కాయలో పప్పు వంటిది. తక్కిన ప్రోగ్రాములు తమతమ గదులను మాత్రమే ముట్టగలవు. కెర్నెల్‌కు అన్నియు అందుబాటే. కనుకనే దొంగ కన్ను కెర్నెల్‌పై నుండును. దానిని వశపరచుకొన్నవానికి ఆ యంత్రమున తెరువరాని తలుపు లేదు. సాధారణముగా 64 బిట్ల యంత్రములలో కెర్నెల్ విలాసములు ఎఫ్ అను అక్షరముల వరుసతో మొదలగును. నమోదులో అట్టి సంఖ్య కనబడినప్పుడు తెలిసినవాడు ఇది కెర్నెల్ ఇంటి గుట్టు అని ఒక్క చూపున గ్రహించును.

నమోదు పుస్తకమున విలాసమేల కావలెనో మన గనుల వారికి వేరుగా చెప్పనక్కర లేదు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. అంత లోతున రాతిపై పడు బరువు వలన బండలు ఉన్నట్టుండి పగిలి పేలుట కలదు. దానిని రాక్‌బర్స్టు అనిరి. పైన ఇండ్లలో గిన్నెలు గలగలలాడును. క్రింద ఏదో జరిగినదని ఊరంతటికి తెలియును. కాని యెచ్చట? ఏ గని, ఏ లెవెల్, షాఫ్టునకు ఏ దిక్కున? 1912లోనే ఇచ్చట భూకంపమాపకమును నెలకొల్పి అదరుటలను నమోదు చేయసాగిరి. ఒక్కచోట నున్న మాపకము ఎప్పుడు, ఎంత అనువానిని బాగుగ చెప్పగలదు. ఎచ్చట అనుదానిని అంత ఖచ్చితముగ చెప్పలేదు. అందుచేతనే తరువాతి కాలమున భూమి లోపలను పైనను అనేక స్థలములలో జియోఫోనులు అమర్చి, ధ్వని ఒక్కొక్కదానికి చేరిన క్షణములను సరిపోల్చి, పేలుడు జరిగిన తావును గుణించు పద్ధతి వచ్చినది. గనిలో చిక్కుకొన్నవానిని రక్షింప బోవువానికి తావు తెలియనిచో తక్కిన నమోదంతయు వ్యర్థము.

కెర్నెల్ కూలినప్పుడును ఇంతే. కూలిన క్షణమున యంత్రము ఏ ఆజ్ఞను అమలుపరచుచుండెను, ఆ ఆజ్ఞ ఏ గదిని ముట్టబోయినది, అచ్చటికి ఏయే మెట్లు దిగి వచ్చినది అను వివరములు నమోదున నుండవలెను. ఒకే వస్తువు రెండుమారులు విడుదల చేయబడినదా, విడుదలైన గదిని మరల వాడుకొన్నారా, ఒక వరుస తన హద్దు దాటి ప్రక్క గదిలో వ్రాసినదా యనునవి విలాసములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో బయటపడును. ఇట్లు దోషమును వెదకి తీయుటకు డీబగ్గింగు అని పేరు.

ఇక రెండవ వైపు. గనిలో సంపన్నమైన ఖనిజము ఏ లెవెల్‌లో ఏ మూలన నున్నదో తెలుపు పటమును సర్వే ఆఫీసు గోడకు తగిలించి దారిన పోవువారికి చూపరు గదా. రక్షకునికి దారి చూపు గీతయే దొంగకును దారి చూపును. గీతకు వారి మనసులు తెలియవు.

కంప్యూటరు దొంగకు విలాసము ఎట్లు ఉపయోగపడునో కొంత విపులముగ చెప్పవలసియున్నది. 1988 నవంబరు 2వ తేదీన మోరిస్ పురుగు అను ప్రోగ్రాము ఇంటర్నెట్టుపై వ్యాపించి వేలకొలది యంత్రములను స్తంభింపజేసినది. అది వాడుకొన్న ఉపాయములలో ఒకటి యిది. ఒక ప్రోగ్రాము కొంత చోటు కేటాయించుకొని బయటివారు పంపు మాటను అందులో నింపుకొనును. వచ్చినది ఆ చోటునకు మించినదా యని చూడదు. మితిమీరిన మాట పంపగా అది చోటు దాటి పొరలి ప్రక్క గదులను కప్పివేయును. ఆ ప్రక్క గదులలో ఒకదానియందు, పని ముగిసిన తరువాత ఎచ్చటికి తిరిగిపోవలెనో ఆ విలాసము వ్రాసియుండును. దొంగ దానిని చెరిపి తనకు కావలసిన విలాసమును వ్రాసిపెట్టును. యంత్రము మారుమాటాడక అచ్చటికే పోవును. ఇందు కీలకము గమనింపుడు: దొంగకు వ్రాయుటకు రంధ్రము దొరకినంత మాత్రమున చాలదు, ఏమి వ్రాయవలెనో తెలియవలెను. ఆ సంఖ్య తెలియనివాని చేతిలో రంధ్రమున్నను, చేయగలిగినది యంత్రమును కూల్చుటయే, వశపరచుకొనుట కాదు.

లినక్సు కెర్నెల్ బహిరంగముగ పంచిపెట్టబడునది. ఒక కంపెనీ తయారుచేసిన కెర్నెల్ దానిని స్థాపించుకొన్న వారందరి యంత్రములలోను అక్షరము పొల్లుపోకుండ ఒక్కటే. పూర్వము అది మెమొరీలో ఎల్లప్పుడు ఒకే చోట దిగెడిది. దొంగ ఒక ప్రతిని తన యింట విప్పి చూచికొన్నచో లోకమునందలి యంత్రములన్నిటిలోని విలాసములు వానికి కంఠస్థమే. దీనికి విరుగుడుగా 2014లో లినక్సు 3.14వ కూర్పున ఒక యేర్పాటు చేర్చిరి, 2017లో 4.12వ కూర్పు మొదలు అది అడుగకయే అమలగునట్లు చేసిరి. దీని పేరు కేఏఎస్‌ఎల్‌ఆర్. యంత్రము లేచిన ప్రతిసారియు కెర్నెల్ ఒక క్రొత్త తావును చీటి వేసి యెన్నుకొని అందు దిగును. గనిని పోల్చి చెప్పవలెనన్నచో, రాత్రికి రాత్రి గని యంతయు, షాఫ్టులు, లెవెల్‌లు, సొరంగములతో సహా, ఎవరికిని తెలియని మరియొక చోటికి జరుగును. లోపలి అమరిక మాత్రము చెదరదు.

ఈ యుపాయమునకు గల బలమును బలహీనతయు ఆ కడపటి వాక్యముననే యున్నవి. లోపలి అమరిక చెదరదు గనుక, ఒక్క సొరంగపు తావు బయటపడినచో తక్కినవన్నియు కూడిక తీసివేతలతో తేలును. ఊరుగాం నుండి నందిదుర్గ గని ఎంత దూరమో తెలిసినవానికి ఊరుగాం ఎచ్చట నున్నదో చెప్పినచో చాలును. పైగా చీటిలో నుండు తావులు లెక్కలేనన్ని కావు. ఇంటెల్ వర్గపు 64 బిట్ల యంత్రములలో కెర్నెల్ ఆజ్ఞలు దిగగల తావులు సుమారు 500 మాత్రమే. ఊహ తప్పినచో యంత్రము కూలి యజమానికి తెలిసిపోవును గనుక, ఐదువందలలో ఒకటి యనునది కొంత రక్షణయే. కాని నమోదు పుస్తకమున ఒక్క విలాసము ఉన్నదున్నట్లు కనబడినచో ఆ రక్షణ సున్న. తలుపునకు తాళము వేసి తాళపుచెవిని గుమ్మమునకు వ్రేలాడదీసినట్లగును.

ఆ తాళపుచెవులు ఒకటి రెండు కావు. కెర్నెల్ తన నమోదున వ్రాయుటకు ప్రింట్‌కే అను సాధనమును వాడును. అందు విలాసమును ముద్రింపుమని చెప్పు గుర్తు 'పర్సెంటు పి'. పని చేయుచున్నప్పుడు తమ సౌకర్యమునకు ఈ గుర్తును వ్రాసికొని, పని తీరిన తరువాత తీసివేయక వదలినవారు అసంఖ్యాకులు. 2017లో లెక్క చూడగా అట్టి చోట్లు దాదాపు 14,000 తేలినవి.

మొదటి ప్రయత్నము అంతకుముందే, 2011లో జరిగినది. 'పర్సెంటు పి కే' అని క్రొత్త గుర్తు నొకదానిని, కేపీటీఆర్ రెస్ట్రిక్ట్ అను మీట నొకదానిని ప్రవేశపెట్టిరి. మీటను ఒకటిపై నుంచినచో అధికారము లేనివారికి విలాసమునకు బదులు సున్నలు కనబడును. రెండుపై నుంచినచో అధికారము కలవారికిని సున్నలే. ఉద్దేశము మంచిదే. కాని కెర్నెల్ వేగమును కొలుచు పెర్ఫ్ అను పనిముట్టు మున్నగునవి విలాసములు దొరకక తడబడినవి. ఆ సంవత్సరమే, ఉన్న సౌకర్యమును తగ్గించు రక్షణలను కోరినవారే పెట్టుకొనవలెనను న్యాయము ననుసరించి, ఆ మీటను మామూలుగ తెరచియుంచు స్థితికి త్రిప్పివేసిరి. రక్షణ కోరువారు దీనిని నిందించిరి. నా మట్టుకు నిందింపదగినది మీటను త్రిప్పుట కాదు, ఆ పరికరము యొక్క కట్టుబాటే సరిగ లేకుండుట.

ఎట్లనిన, నమోదు పుస్తకమున వ్రాయువాడు ఒకడు, చదువువాడు ఒకడు. వ్రాయు క్షణమున చదువబోవువాడెవడో తెలియదు. అధికారము కలదా లేదా యని పరీక్షింపవలసినది చదువువానిని. 'పర్సెంటు పి కే' నమోదున వ్రాయు వేళ పరీక్షింపగలిగినది ఆ క్షణమున యంత్రముపై నడచుచున్న ప్రోగ్రామును. ఇది ఉత్తరము వ్రాయుచున్నవాని గుర్తింపు చూచి, దానిని చదువబోవువానికి అనుమతి యిచ్చినట్లున్నది. అడిగినవారికి అప్పటికప్పుడు చూపు పట్టికల విషయమున ఈ గుర్తు పనికివచ్చునే కాని, వ్రాసి నిలువయుంచు నమోదునకు పనికిరాదు. అంతకంటె పెద్ద లోపము మరియొకటి. వేలకొలది చోట్ల నున్న పాత గుర్తులను ఒక్కొక్కరు పూనుకొని మార్చినగాని ఫలము లేదు. జాగ్రత్త పడువారు జాగ్రత్త పడిరి. తక్కినవారి తలుపులు తెరచియే యుండెను.

సున్నలు వ్రాయుటలో ఇంకొక కష్టము కలదు. దోషమును వెదకువానికి అన్నియు సున్నలే కనబడినచో, మొదటి పంక్తిలోని వస్తువును పదవ పంక్తిలోని వస్తువును ఒక్కటియా వేరువేరా యని చెప్పజాలడు. ఇచ్చట మనము ఆగి యోచింపవలెను. విలాసము చేయు పని ఒక్కటి కాదు, రెండు. ఎచ్చట నున్నదో చెప్పుట యొకటి. ఏది యని గుర్తుపట్టించుట మరియొకటి. తాటిచెట్టు కడ ఇంటివాడు అన్నప్పుడు మనము చాలసారులు ఆ యింటికి పోదలచి యనుట లేదు. ఫలానా మనిషి యని గుర్తుపట్టుటకే యనుచున్నాము. దొంగకు కావలసినది మొదటిది మాత్రమే. మరమ్మతు చేయువానికి నూటికి తొంబదిసారులు రెండవదే చాలును. ఇవి రెండును ఒకే సంఖ్యలో ఇమిడియుండుట వలన, వేరుచేయరానివని జనులు భ్రమపడుచు వచ్చిరి.

వేరుచేయు పద్ధతి బడిపంతుళ్ళకు క్రొత్తది కాదు. పెద్ద పరీక్షలలో జవాబు పత్రముపై నుండు విద్యార్థి నంబరును తొలగించి డమ్మీ నంబరు వేయుదురు. దిద్దువారికి ఈ పత్రము ఆ పత్రము కాదని తెలియును; పత్రము ఎన్ని చేతులు మారినను అదేనని తెలియును; కాని అది యెవరిదో తెలియదు. డమ్మీ నంబరునకు అసలు నంబరునకు గల సంబంధము ఒక్కచోట భద్రముగ నుండును.

2018 జనవరిలో వెలువడిన 4.15వ కూర్పున లినక్సువారు చేసినది సరిగ ఇదియే. టోబిన్ హార్డింగ్ అను నిర్మాత సిద్ధపరచిన మార్పుచే, 'పర్సెంటు పి' గుర్తు ఉన్న 14,000 చోట్లను ఒక్కటియు ముట్టకుండ, ఆ గుర్తు యొక్క అర్థమునే మార్చివేసిరి. ఇకమీదట అది విలాసమును ముద్రింపదు. విలాసమునకు డమ్మీ నంబరును ముద్రించును. ఈ డమ్మీ నంబరునకు హ్యాష్ అని పేరు. దానిని చేయునది సిప్‌హ్యాష్ అను గణిత పద్ధతి. 2012లో ఓమాసన్, బెర్న్‌స్టైన్ అను ఇద్దరు కల్పించినది. యంత్రము లేచునప్పుడు ఒక రహస్య సంఖ్యను యాదృచ్ఛికముగ పుట్టించి తనలో దాచుకొనును. విలాసమును ఆ రహస్యముతో కలిపి నూరి పిండి చేయగా ఒక క్రొత్త సంఖ్య వచ్చును. అదే విలాసము మరల వచ్చినచో అదే సంఖ్య వచ్చును. కాని ఆ సంఖ్య నుండి వెనుకకు పోయి విలాసమును రాబట్టుట రహస్యము తెలియనివానికి అలవి కాదు. పిండి నుండి రాగులను ఏరజాలము గదా. యంత్రమును ఆపి మరల లేపినచో రహస్యము మారును, డమ్మీ నంబరులన్నియు మారును. 64 బిట్ల యంత్రములలో ఈ హ్యాష్‌కు ముందు ఎనిమిది సున్నలు వచ్చును; మిగిలిన ఎనిమిది స్థానములలో 429 కోట్లకు పైగా సంఖ్యలు ఇముడును గనుక రెండు వేరు వస్తువులకు ఒకే సంఖ్య వచ్చుట మిక్కిలి అరుదు.

ఈ మార్పులో నాకు మెచ్చదగినదిగ తోచునది గణితము కాదు. అలవాటును ఎదురించుటకు బదులు అలవాటు యొక్క ఫలమును మార్చుట. అజాగ్రత్తగ వ్రాసిన పంక్తియు ఇప్పుడు క్షేమమైనది. అసలు విలాసము కావలసినవాడు 'పర్సెంటు పి ఎక్స్' అని వేరు గుర్తును తెలిసి తెలిసి వ్రాయవలెను. ఆ గుర్తు గ్రంథమంతటను వెదకిన వెంటనే దొరకును. పరీక్షించువాడు ఇదెందుకు వ్రాసితివని అడుగును; వ్రాసినవాడు కారణము చెప్పవలసివచ్చును. ఇంతకు మునుపు దాచుకొనువాడు శ్రమపడెడివాడు; ఇప్పుడు చూపువాడు శ్రమపడవలెను.

అయితే దీనిచే మరమ్మతు చేయువారికి నష్టము లేదనుట అన్యాయమగును. హ్యాష్ పొరుగును చెరిపివేయును. ప్రక్కప్రక్కన నున్న రెండు గదుల విలాసములు ఎనిమిది తేడాతో నుండగా, వాని డమ్మీ నంబరులకు ఒకదానితో ఒకదానికి పోలికయే యుండదు. ఒక వరుస హద్దు దాటి ప్రక్కయింటిలో వ్రాసినదను దోషమును పట్టుటకు పొరుగు తెలిసితీరవలెను. రాక్‌బర్స్టు ఏ స్తంభమునకు ప్రక్కన జరిగినదో చెప్పక, స్తంభమునకు ఒక డమ్మీ పేరు చెప్పిన నేమి లాభము? అట్లే, కూలిన యంత్రపు మెమొరీ ప్రతినంతయు దింపుకొని పరీక్షించువాడు, నమోదులోని సంఖ్యను పట్టుకొని ఆ ప్రతిలో గదిని వెదకబోయినచో దొరకదు. యంత్రము లేచు తొలి క్షణములలో చిక్కు మరింత. రహస్య సంఖ్యను పుట్టించుటకు తగినంత యాదృచ్ఛికత యంత్రమునకు అప్పటికి చేకూరియుండదు. కనుక హ్యాష్‌కు బదులు పాయింటరు విలువ అను అర్థమిచ్చు ఒక మాట మాత్రమే పడును. క్రొత్త యంత్రములను తొలుత లేపు పని చేయువారికి ఆ తొలి క్షణములే సర్వస్వము. వారి మొరలు గట్టిగనే వినబడినవి. అట్టివారు కోరినచో బలహీనమైన హ్యాష్‌నైన మొదటినుండి వాడుకొనుటకు వీలు కల్పించిరి.

మరియొక మేలైన మార్గము విలాసమునకు బదులు పేరు చెప్పుట. ఆజ్ఞల వరుసలకు పేర్లుండును. ఫలానా పేరు గల వరుస మొదలు నుండి ఇన్ని గదుల దూరమున కూలినది యని వ్రాసినచో దోషమును వెదకువానికి పూర్తిగ సరిపోవును. గని యంతయు ఎచ్చటికి జరిగినదో ఆ వాక్యము చెప్పదు. షాఫ్టు నుండి తూర్పున నూరడుగులు అన్నట్టిది. షాఫ్టు ఏ ఊళ్ళో నున్నదో చెప్పనక్కర లేదు. 2016లోనే, కూలినప్పుడు ముద్రించు మెట్ల వరుసలో పేరుతో పాటు పడుచుండిన ముడి విలాసములను తీసివేసి, పేరును దూరమును మాత్రము ఉంచిరి. దీనిచే ఎవ్వరికిని చెప్పుకోదగిన లోటు కలుగలేదు. పేరు గల వస్తువునకు పేరుండగా నంబరేల?

పొరుగు తెలియవలసినవారి సంగతి 2021 వరకు తీరలేదు. ఆ సంవత్సరము 5.12వ కూర్పున 'నో హ్యాష్ పాయింటర్స్' అను మాటను చేర్చిరి. యంత్రమును లేపునప్పుడే ఆ మాట చెప్పినచో హ్యాష్ ఆగిపోయి అసలు విలాసములు పడును. ఇది మరల పాత తలుపు తెరచుట కాదా యని శంకింపవచ్చును. కాని ఎట్లు తెరచిరో చూడుడు. యంత్రము లేవగనే నమోదున చుట్టును నక్షత్రములు గీచిన పెద్ద పెట్టె కట్టి, గమనిక అను మాటను పదేపదే వ్రాసి, ఈ యంత్రము కెర్నెల్ విలాసములను దాపరికము లేక చూపుచున్నది, భద్రత తగ్గవచ్చును, మీరు దోషమును వెదకుచుండనిచో వెంటనే అధికారికి తెలుపుడు అను అర్థము వచ్చు హెచ్చరికను ముద్రించును. పేలుడు మందు పెట్టునప్పుడు ఎర్రజెండా నిలిపి అందరిని హెచ్చరింతురు. మందు పెట్టుట మానుకొనరు. నడచుచున్న యంత్రమున ఈ మీటను త్రిప్పుట కుదరకుండ, లేపునప్పుడే త్రిప్పవలెననుటయు మంచి కట్టుబాటు. బయటినుండి చొరబడినవాడు నిశ్శబ్దముగ త్రిప్పి పోజాలడు.

మన పిల్లలకు ప్రత్యేకముగ చెప్పదలచినది ఒకటి కలదు. నమోదు పుస్తకము ఇల్లు దాటి తిరుగును. చిక్కు తెగనప్పుడు దానిని నకలు తీసి పరిచయము లేనివారికి పంపుదురు, పదిమంది చూచు చోట పెట్టుదురు. సహాయము వచ్చు మార్గమే అది, తప్పు కాదు. పల్లెలో ఉత్తరము చదివించుకొనుటకు చదువుకొన్నవానిని వెదకినట్లే. కాని ఇంకను నడచుచున్న యంత్రపు నమోదున అసలు విలాసములున్నచో, ఆ యంత్రము తిరిగి లేపబడువరకు అవి పనికివచ్చు విలాసములే. కనుక తొలుత అదే దోషమును పరీక్షకై యుంచిన వేరు యంత్రమున పుట్టింపజూచి, హ్యాష్‌ను అచ్చట ఆపి, అచ్చటి నమోదును పంపుట యుక్తము. ప్రజలు ఆధారపడు యంత్రమున, అది ఆసుపత్రిలోనిదైనను రేషను దుకాణములోనిదైనను, పెట్టెకట్టిన ఆ గమనిక నమోదున కనబడినచో దానిని చూచి ఊరకుండరాదు. నమోదు పుస్తకమునే సామాన్యులు విప్పకుండ ఆపు డీమెసేజ్ రెస్ట్రిక్ట్ అను వేరు మీటయు 2011 నుండి కలదు. అనేకులు వాడు యంత్రమున దానిని బిగించియుంచుట మేలని నా యభిప్రాయము. ఒక్కరే వాడుకొను యంత్రమున అది కొంత చాదస్తమే.

ఇంత చేసినను విలాసము బయటపడు దారి నమోదు ఒక్కటే కాదు. 4.15వ కూర్పు వెలువడిన ఆ జనవరిలోనే, 3వ తేదీన, మెల్ట్‌డౌన్ అను లోపము లోకమునకు వెల్లడియైనది. ప్రాసెసరు ముందుచూపుతో చేసి వదలివేసిన పనుల జాడలను, ఏ పని ఎంత వేగముగ ముగిసినదో కొలిచి చూచి, కెర్నెల్ గదులలో నున్నదానిని బయటినుండి చదువవచ్చునని తేలినది. అట్టివానికి నమోదు పుస్తకముతో పనియే లేదు. విశేషమేమనగా, మెల్ట్‌డౌన్‌కు విరుగుడైన మార్పునకు మూలము, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2017లో విలాసముల దాపరికమును నిలుపుటకే ప్రతిపాదించిన పద్ధతి. కెర్నెల్ గదులను తక్కిన ప్రోగ్రాముల చూపునకే అందకుండ వేరుచేయుట దాని సారము. విలాసమును దాచుట అల్పమైన రక్షణ యని కొందరు నిపుణులు చులకన చేయుదురు. ఒంటిగా చూచినచో వారి మాట నిజమే. అయినను ఆ అల్పరక్షణను నిలుపబూనిన పని అంతకంటె ఘోరమైన దానికి అడ్డుగోడ యైనది.

చివరకు ఒక చిన్న వివరము మిగిలినది. కెర్నెల్ ఇక కోలుకొనలేనంతగా కూలిపోయినప్పుడు వ్రాయు కడపటి పంక్తులలో, ఈసారి తాను మామూలు తావు నుండి ఎంత దూరము జరిగి దిగినదో ఆ సంఖ్యను విప్పి చెప్పును. జీవించియున్నంత కాలము దాచిన దానిని అప్పుడు తానే ముద్రించును. మెమొరీ ప్రతిని పరీక్షించువానికి ఆ సంఖ్య లేనిదే పేర్లను విలాసములతో జతపరచుట కష్టము. దొంగకు దానితో పని లేదు. మరల లేచునప్పుడు కెర్నెల్ వేరొక చీటి తీసి వేరొక తావున దిగును.